గొడుగుల తెరకు వచ్చిన మెయిలు

మెయిలు చూడగానే ఆడపడుచు కుర్చీలోంచి లేచి నిలబడింది. తను మూడేళ్లు కూర్చుని కుట్టిన గొడుగుల తెర, గుడ్డ మీద దారంతో వానలో నూటపది గొడుగులు, ఏ రెండూ ఒక్కలా ఉండవు, ఎగ్జిబిషన్‌కు ఎంపికైందట. జతచేసిన ఫారం సాయంత్రం అయిదులోగా నింపాలట. ఆమెకు కాళ్లు నేల మీద ఆనలేదు. ఫారం మీద నొక్కింది. అంతే, యాంటీవైరస్ ఎర్రగా అడ్డం పడి ఆ ఫైలును పట్టుకుపోయి దాచేసింది.

"దీన్ని కాసేపు ఆపెయ్ వదినా."

కుట్టు షాపులో కంప్యూటర్‌కి కాపలా వదినే. ఆ విషయంలో దేవుడొచ్చినా ఐడీ కార్డు అడిగే రకం.

"ఆపను. ఫారం అయితే చివర ఈఎక్స్‌ఈ అని ఎందుకుంటుంది? అది ఫారం కాదు, ప్రోగ్రాం. తెరిస్తే మన డిజైన్లన్నీ గోవిందా."

ఆడపడుచుకు ఒళ్లు మండింది. "నా పేరు బయటికి రావడం నీకు ఇష్టం లేదు," అనేసింది.

వదిన ముఖం చిన్నబోయింది. మెయిల్లోని నంబరు వదిలేసి, దరఖాస్తు పెట్టినప్పటి కాగితం వెతికి, అందులోని నంబరుకు ఫోను చేసి స్పీకరు పెట్టింది. గొడుగుల తెర సంగతి చెప్పింది.

"ఆ మెయిలు మేం పంపలేదండీ," అంది ఎగ్జిబిషన్ ఆఫీసులో ఆవిడ.

ఆడపడుచు కుర్చీలో కూలబడింది. మూడేళ్లూ గంగపాలు అనుకుంది.

"పొద్దుటి నుంచి ఇది అయిదో ఫోను. మా సైట్లో జాబితా చూసి ఎవరో ఎంపికైనవాళ్లందరికీ పంపుతున్నారు."

వదిన ఫోను మీదికి వంగింది. "ఎంపికైనవాళ్లకేనా?"

"అవునండీ. మా అసలు మెయిలు సోమవారమే పంపాం. మీ జవాబు రాలేదు. ఈ రోజు అయిదు దాటితే మీ చోటు ఇంకొకరికి ఇచ్చేస్తాం."

గడియారంలో నాలుగూ నలభై. వదిన స్పామ్ ఫోల్డర్ తెరిచింది. ప్రతి శనివారం తను చూడకుండా ఊడ్చిపారేసే చోటు అది. రేపే శనివారం. లాటరీలకూ బట్టతల మందులకూ మధ్య అసలు కబురు బుద్ధిగా కూర్చుని ఉంది.

"నా బుద్ధి గడ్డి తింది," అని వదిన లెంపలేసుకుంది.

"నాది మాత్రం? ఇందాక అన్న మాట మర్చిపో వదినా. తెరవనా?"

"ఆగు. ముందు పంపినవాళ్ల అడ్రసు చదువు. ఒక్కో అక్షరం."

వదిన పాత కాగితం పట్టుకుని సరిచూస్తుంటే ఆడపడుచు చదవసాగింది. సగానికి వచ్చేసరికి సంతోషం పట్టలేక అక్షరాలు మింగేయసాగింది. మిగతా అక్షరాలు వదినే చదివింది.

"సరిపోయాయి. తెరువు," అంది.