దిగుడులో ఆపేసిన తాళం

నేను ఒక కరెంటు స్కూటర్ని. నన్ను బండి అనడానికి కూడా కొందరికి నోరు రాదు. ఇస్త్రీపెట్టెకి చక్రాలు తగిలించారని నవ్వినవాడున్నాడు. వాడే సందు చివర పాలపాకెట్టుకి కారు తీసి, తిరిగొచ్చాక పెట్టుకోడానికి చోటు లేక వీధంతా తిట్టేవాడు.

ఎక్కడో రేకుల షెడ్డులో నన్ను బిగించారు. అమ్మకానికి నిలబెట్టిన నాటి నుంచి జనం అడిగింది ఒక్కటే, ఎంత దూరం పోతుందని. విశాఖపట్నంలో ఇల్లూ ఆఫీసూ తప్ప ఎరగని పెద్దమనిషి కూడా శ్రీకాకుళం దాకా పోతుందా అన్నాడు. పోదన్నారు. అయినా కొన్నాడు, కొన్నాక పోదని తిట్టాడు. చివరికి గుడ్డ కప్పి మూల పడేశాడు. ఆ ఇంటికి రంగులేయడానికొచ్చిన నూకరాజు, కూలికి బదులు నన్ను తోలుకుపోయాడు.

నూకరాజుది కొండవాలు పేట. వయసంతా పెట్రోలు బండి తోలిన చెయ్యి. ఆ చేతికో జబ్బుంది. దిగుడు వచ్చిందంటే తాళం తిప్పి ఆపేస్తుంది, ఊరికే జారేచోట పెట్రోలెందుకు తగలెయ్యాలని. అయ్యా, నాకు పెట్రోలు లేదు. దిగేటప్పుడే నా చక్రం తిరిగి బ్యాటరీకి ఇంత ముద్ద పెడుతుంది, తాళం ఆపితే ఆ ముద్దా దక్కదు. ఈ మాట చెప్పడానికి నాకున్న నోరు హారను ఒక్కటే. అదీ ఎవరో నొక్కితేనే.

అతని భార్య పైడితల్లి వేరు. మధ్యాహ్నం అతను కునుకు తీస్తుంటే నన్ను వాకిట్లోంచి తోసుకెళ్లి తోలడం నేర్చుకునేది. నాకు చప్పుడు లేదు కదా, అతను లేవలేదు. పెట్రోలు అలవాటు లేని మనిషి గనక దిగుడులో తాళం ఆపాలని ఆవిడకి తోచనే లేదు.

ఇంతలో కూతురు గౌరి నెలలు నిండకుండా కనేసింది. పుట్టిన ఆడగుంటని ఆస్పత్రిలో అద్దాల పెట్టెలో పెట్టారు. కుట్లు మానక గౌరి ఇల్లు కదల్లేదు. పాలు పిండి ఇస్తే ఐసు డబ్బాలో పెట్టుకుని మొగుడూ పెళ్లాం నా మీద పట్టుకెళ్లేవారు. పేట దిగి, బజారు దాటి, అవతల ఆస్పత్రి ఎత్తు ఎక్కడమే. పూటకి నాలుగుసార్లు. "అంత దగ్గరికి ఏటొస్తాం బావా?" అని ఆటోవాళ్లు మొహం తిప్పుకునేవారు.

ఒకనాడు ఆలస్యమైతే డబ్బాపాలు పట్టారు. గుంట పొట్ట ఉబ్బిపోయి ఊపిరి అందలేదు. "ఇంకోసారి ఇలాగైతే మా చేతుల్లో ఉండదమ్మా. పది గంటల పాలు పదికే రావాలి," అంది నర్సు.

మర్నాడు పొద్దున్నే పేటలో కరెంటు పోయింది. నా కడుపు సగం కూడా నిండలేదు. ఆ కాస్తతోనే బయల్దేరాం. దిగుడులో నూకరాజు మామూలుగా తాళం ఆపేశాడు. బజారులో చేపల తట్టల మధ్య ఆగుతూ కదులుతూ ఎత్తు దగ్గరికొచ్చేసరికి నా మీటరులో ఎర్రదీపం వెలిగింది. సగం ఎక్కి ఆగిపోయాను.

"ఏటొచ్చిందిరా నీకు!" అని కాలితో తన్నాడు. తన్నితే లేచే జాతి కాదు మాది. వచ్చిన ఆటోలన్నీ నిండుగా పోతున్నాయి. పైన ఆస్పత్రి గడియారం కనిపిస్తోంది.

పైడితల్లి డబ్బాతో దిగి నా మీటరు చూసింది. "ఇద్దరికైతే ఎక్కదు. నాలాటి బక్కదానికైతే ఎక్కుద్ది. నువ్ దిగు."

"నాను దిగితే తోలేదెవలే?"

"నానే."

"నీకేటొచ్చు?"

"నువ్ గురక పెట్టినప్పుడల్లా నేర్చుకున్నాను. తగువు సాయంత్రం ఆడుకుందాం. దిగు మావా."

అతను దిగలేదు. బండి ఇంకొకరి చేతిలో పెట్టడం ఆ చేతులకి తెలీదు. నా పిడులు నలిగిపోయేలా పట్టుకున్నాయి. డబ్బా అంచున ఐసునీళ్లు బొట్లుబొట్లుగా కారుతున్నాయి. ఆ నీళ్లకేసి చూశాడు. పిడులు వదిలాడు.

ఆవిడ కుచ్చిళ్లు దోపుకుని, డబ్బా కాళ్ల మధ్య ఇరికించుకుని కూచుంది. "లెగు నాయనా," అంది నాతో. అడుగంటిన చారెడు కరెంటుతో పాకుతూ ఎక్కాను. ఎత్తు పైన, ఆస్పత్రి గేటు ముందు నా దీపాలన్నీ ఆరిపోయాయి. ఆవిడ నన్ను గోడకి ఆనించి పరుగెత్తింది.

నూకరాజు రొప్పుతూ వచ్చి నా పక్కన కూలబడ్డాడు. లోపలికెళ్లే ధైర్యం లేదు. చాలాసేపటికి ఆవిడ ఖాళీ డబ్బాతో వచ్చింది. "తాగింది," అంది. తర్వాత మెల్లిగా, "దిగుడులో తాళం ఆపకు మావా. ఆపకుండా దిగితే మీటరులో గీత పెరుగుతాది, నాను చూశాను."

అతను గోళ్లలో రంగు గోక్కుంటూ కూచున్నాడు.

గుంటని ఇంటికి పంపేసిన రోజు పైడితల్లి తోలింది, వెనక గౌరి, ఒళ్లో పిల్ల. నూకరాజు నడిచొస్తున్నాడు. ఎత్తు దిగుతుంటే రోడ్డంతా వినేలా అరిచాడు. "ఒలే, తాళం ఆపకే!"

"ఆపలేదు, నువ్ నడు!"

శ్రీకాకుళం నేను చూడలేదు. ఇక చూడను. కొన్నేళ్లకి బ్యాటరీ చచ్చిపోతే ఊడదీసి నన్ను వాకిట్లో నిలబెట్టారు, పాతసామాన్ల వాడి కోసం. ఆ గుంట ఇప్పుడు నా మీదెక్కి హారను నొక్కుతుంది. చప్పుడు రాదు. కాసేపు చూసి, తనే నోటితో "పీం" అంటుంది.