ఓడినవాడే చెరపాలి

నేను ఒక నల్లబల్లను. మామిడి చెక్కతో చేసినదాన్ని. నన్ను చేసిన వడ్రంగి మాత్రం టేకని చెప్పి బందరులో ఒక చిన్న బడికి అంటగట్టాడు. పుట్టుకతోనే ఒక అబద్ధం నా ఒంటిని పట్టుకుంది. పదకొండేళ్ళు ఎక్కాలూ ఋతువులూ నదుల పేర్లూ మోశాను. రాసిన చేతులే చెరిపేవి, చెరిపిన చేతులే మళ్ళీ రాసేవి. చెరిగిపోవడం నాకు కష్టమనిపించేది కాదు. ఒక వానాకాలం బడి గోడ కూలి నా మూల ఒకటి విరిగింది. విరిగిన బల్ల మీద చదువు చెప్పకూడదని ఏ శాస్త్రంలో ఉందో గానీ, నన్ను పాత బెంచీలతో కలిపి వేలం వేశారు.

నన్ను పాడుకున్నవాడు వీరభద్రం. సైకిలు షాపు ఆయనది. షాపు ముందు వేపచెట్టుకి నన్ను ఆనించి, ‘ఇచ్చట పంక్చర్లు వేయబడును’ అని ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాడు. ఆ రాత నా మీద ఒక్కరోజే ఉంది. మర్నాడు ఎక్కడో సముద్రాల అవతల టెస్ట్ మ్యాచ్ మొదలైంది. ఆయన పంక్చర్లను చెరిపేసి స్కోరు రాశాడు. అంతే, ఆ తర్వాత ఇరవై రెండేళ్ళు నా మీద పంక్చర్లకి చోటు దొరకలేదు.

అవి ఇంటింటికీ టీవీలు లేని రోజులు. సైకిలు హ్యాండిల్‌కి తగిలించిన ట్రాన్సిస్టర్ గరగరలాడుతూ ఏదో చెప్పేది, వీరభద్రం అది విని నా మీద రాసేవాడు. ఆఫీసులకి వెళ్ళేవాళ్ళు, కూరల బళ్ళవాళ్ళు, రిక్షావాళ్ళు ఒక్క నిమిషం ఆగి చూసుకుని పోయేవాళ్ళు. చెప్పేది ఇంగ్లీషు. వీరభద్రానికి వచ్చిన ఇంగ్లీషు ‘అవుట్’, ‘ఫోర్’, ‘నో బాల్’ దాకా. మిగతాదంతా ఆయన ఊహ.

మన ఆటగాళ్ళ గురించి పెద్దగా గొడవలుండేవి కావు. వాళ్ళు మనవాళ్ళు, గెలిస్తే పొంగిపోవడం, ఓడితే తిట్టుకోవడం. అసలు యుద్ధాలన్నీ పరాయి దేశాల ఆటగాళ్ళ మీదే. వీరభద్రానికి ప్రాణం టెంపుల్టన్ అనే ఆస్ట్రేలియా ఫాస్ట్ బౌలర్. రోడ్డుకి అవతల టైలర్ షాపు నడిపే ఏసుపాదానికి దేవుడి తర్వాత దేవుడు బెల్‌గ్రేవ్ అనే వెస్టిండీస్ బ్యాట్స్‌మన్. ఇద్దరూ వాళ్ళని కళ్ళారా చూసింది లేదు. పేపర్లో బొటనవేలంత ఫొటోలు, అవీ మసకగా. ఆ ఫొటోలు పట్టుకుని వాళ్ళ స్వభావాలు, అలవాట్లు, చివరికి వాళ్ళ అమ్మల పెంపకం దాకా తేల్చేసేవాళ్ళు. బందరనే ఊరొకటి ఉందనీ, అక్కడ తమ కోసం ఇద్దరు పెద్దమనుషులు పొద్దున్నే కాఫీ కూడా తాగకుండా గొంతులు చించుకుంటున్నారనీ ఆ మహానుభావులకి కలలోనైనా తెలిసి ఉండదు.

“మీవాడి ఆటకేంట్రా, ముసలమ్మ పిడకలేసినట్టు నింపాదిగా ఆడతాడు,” అనేవాడు వీరభద్రం.

“మీవోడు ఊరికే రొప్పుకుంటా పరిగెత్తడం తప్ప ఏం పీకాడంట?” అని అటునుంచి కత్తెర ఆడిస్తూ ఏసుపాదం.

ఇద్దరూ మూడో తరగతి నుంచీ స్నేహితులు. పొద్దున తిట్టుకుంటే సాయంత్రం ఒకే గ్లాసు టీని సగం సగం తాగేవాళ్ళు.

వాళ్ళకొక పందెం ఉండేది. డబ్బు పందెం కాదు. టెంపుల్టన్‌కి వికెట్లు పడకపోయినా, బెల్‌గ్రేవ్ సున్నాకి అవుటైనా, గెలిచినవాడు నా నిండా పెద్ద సున్నా గీసి దాని చుట్టూ బంతిపూల దండ వేస్తాడు. ఓడినవాడు నలుగురి ముందూ వచ్చి దాన్ని తన చేత్తోనే చెరపాలి. ఇంకెవరూ ముట్టుకోకూడదు. ఇంకో మెలిక కూడా ఉంది. సున్నా చెరిగేలోపు గెలిచినవాడు ఓడినవాడి గడప తొక్కితే ఆ గెలుపు చెల్లదు, వాడే ఓడినట్టు లెక్క.

ఆ మెలికని ఏసుపాదం బాగా వాడుకున్నాడు. ఒకసారి తలకి తువ్వాలు చుట్టుకుని కడుపునొప్పని మూలుగుతూ పడుకున్నాడు. వీరభద్రం కంగారుపడి బత్తాయిలు పట్టుకుని పరిగెత్తాడు. గడప దాటాడో లేదో ఏసుపాదం చెంగున లేచి కూర్చుని చప్పట్లు కొట్టాడు. ఆ బత్తాయిలు కూడా వాడే తిన్నాడని వీరభద్రం ఏడాదిపాటు చెప్పుకున్నాడు.

ఆ సంవత్సరం వెస్టిండీస్ జట్టు ఆస్ట్రేలియా వెళ్ళింది. అక్కడ ఆటంటే మనకి తెల్లారగట్లే మొదలు. ఒక సోమవారం ఇంకా ఎండ ముదరకముందే టెంపుల్టన్ వేసిన బంతికి బెల్‌గ్రేవ్ సున్నాకి అవుటయ్యాడు. వీరభద్రం పట్టుకున్న ట్యూబుని అక్కడే పడేసి చిందులేశాడు. నా ఈ చివర నుంచి ఆ చివరదాకా సున్నా గీశాడు. సుద్ద అరిగి పొడైపోయేదాకా దిద్దాడు. దండ వేసి, అవతలికి కేకేశాడు. టైలర్ షాపు తలుపులు మూసి ఉన్నాయి. అప్పటికి నాలుగు రోజులుగా మూసే ఉన్నాయి. ఏసుపాదానికి జ్వరమని అందరూ అనుకుంటున్నారు.

మధ్యాహ్నం ఏసుపాదం భార్య సువార్తమ్మ వచ్చింది. ఇల్లు షాపు వెనకాలే.

“అన్నయ్యా, ఆయన నిన్నొకసారి రమ్మంటన్నారు. జొరం దిగట్లేదు. ఆయాసంగా ఉంది.”

వీరభద్రం పకపకా నవ్వాడు. “ఈ నాటకాలు నాకు కొత్తా చెల్లెమ్మా? మామూలు జొరాన్ని అడ్డం పెట్టుకుని గడప తొక్కిద్దామని చూస్తన్నాడు. ముందు వాణ్ణి వచ్చి చెరపమను, ఆనక నేనే వచ్చి కాళ్ళు పడతా.”

ఆమె నా వైపు చూసింది. ఆ చూపు నాకు ఇప్పటికీ గుర్తే. వెళ్ళిపోయింది. సాయంత్రం మళ్ళీ వచ్చింది. “డాక్టరుగారు ఊపిరితిత్తుల్లో నెమ్మంటన్నారు అన్నయ్యా,” అంది. ఈసారి వీరభద్రం నవ్వలేదు. చెప్పులేసుకుని రోడ్డు సగం దాకా వెళ్ళాడు. అక్కడ ఆగాడు. వెనక్కి తిరిగి నన్ను చూశాడు. టీ కొట్టు దగ్గర ఎవరో, “ఓడిపోయాడ్రోయ్ వీరభద్రం!” అని అరిచారు. ఆయన సిగ్గుపడి నవ్వి, “పొద్దున్న చూద్దాంలే,” అనుకుంటూ వెనక్కి వచ్చేశాడు.

నాకు కాళ్ళుంటే ఆ రోడ్డు దాటి ఉండేదాన్ని. నోరుంటే తిట్టి ఉండేదాన్ని. నా మీద ఉన్నది ఒక సుద్దగీత, ఒక తడిగుడ్డకి సరిపోయే పని. దానికి ఇద్దరు మనుషులు అంత విలువ ఎలా ఇచ్చారో నాకు అర్థం కాలేదు.

పొద్దున్న చూడ్డానికేమీ మిగల్లేదు. చర్చి గంట మోగింది, ఆగి ఆగి మోగింది. వీరభద్రం సైకిలు చక్రం తిప్పుతున్నవాడల్లా అలాగే ఉండిపోయాడు. అది తనంతట తాను ఆగేదాకా దాన్నే చూశాడు. ఆ తర్వాత రోడ్డు దాటడానికి మళ్ళీ లేచాడు గానీ, ఆయనకి ధైర్యం చాల్లేదు.

ఆ సాయంత్రం ఏసుపాదం పెట్టె మా ముందు నుంచే వెళ్ళింది. సమాధుల తోటకి అదే దారి. జనం వస్తుంటే వీరభద్రం ఒక్కసారి నన్ను చూశాడు. సున్నా అలాగే ఉంది, దండలో పువ్వులు వాడిపోయి వేలాడుతున్నాయి. తువ్వాలు తీసుకుని చెయ్యెత్తాడు. చెయ్యి నా దాకా రాలేదు. ఇది వాడు చెరపాల్సింది. దండ తెంపేసి, గబుక్కున వెనక్కి తిరిగి, వీపు నాకు ఆనించి, చేతులు రెండూ చాచి నన్ను కప్పేసి నిలబడ్డాడు. పెట్టెలో పడుకున్నవాడికి కనపడకూడదని.

 చెమటతో ఆయన చొక్కా తడిసిపోయింది. పండగలకి ఏసుపాదం కుట్టిచ్చే తెల్ల చొక్కా కాదు, ముదురు నీలం పని చొక్కా. పెట్టె దాటిపోయాక ఆయన నన్ను వదిలి ఊరేగింపులో చేరి నడిచాడు. అప్పుడు చూశాను. నా మీది సున్నా ఆయన వీపున అచ్చుపడింది. సమాధుల తోట దాకా దాన్ని మోసుకుపోయాడు. వెనక వస్తున్నవాళ్ళు చూశారు. 

నెల తర్వాత సువార్తమ్మ ఒకసారి షాపు ముందు ఆగింది. “ఆయన చివరిదాకా గుమ్మం వైపే చూశారన్నయ్యా,” అంది. కోపంగా అనలేదు. కోపంగా అంటే వీరభద్రానికి కాస్త తేలికగా ఉండేదేమో.  ఆమె వెళ్ళిపోయిన చాలాసేపటి దాకా ఆయన ఒకే నట్టుని బిగిస్తూ కూర్చున్నాడు.

ఆ తర్వాత ఆయన నా మీద స్కోరు రాయలేదు. ట్రాన్సిస్టర్ ఎవరికో ఇచ్చేశాడు. ఊళ్ళోకి టీవీలు వచ్చాయి, నాతో పని తీరిపోయింది. నన్ను షాపు లోపల గోడకి ఆనించి, నా మీద పాత టైర్లు తగిలించారు. వీరభద్రానికి జుట్టు నెరిసింది. ఆటల గురించి ఎవరేం మాట్లాడుకున్నా వినీ విననట్టే ఉండేవాడు. చివరికి షాపు అమ్మేశాడు. షాపు అప్పగించి, నన్ను ఇప్పుడున్న ఈ పాత సామాన్ల కొట్టుకి తోసేసే ముందురోజు మాత్రం ఆయన గొంతు మళ్ళీ విన్నాను.

పంక్చర్ కోసం వచ్చిన కాలేజీ కుర్రాళ్ళు ఫోన్లో ఏదో చూస్తూ, ఏ దేశపు ఆటగాడు గొప్పో తేల్చుకుంటున్నారు. ఒకడికి పాత పేర్లు కూడా తెలుసు. “మా తాత టెంపుల్టన్ని మించినోడు లేడనేవాడు,” అన్నాడు.

“టెంపుల్టనా?” వీరభద్రం తల ఎత్తాడు. “బెల్‌గ్రేవ్ ముందు వాడెంతరా?”

నేను ఉలిక్కిపడ్డాను. ఏళ్ళ తరబడి టెంపుల్టన్ కోసం గొంతు చించుకున్న మనిషి. కుర్రాళ్ళు నవ్వి, ఎందుకంట తాతా అన్నారు. ఆయన చేతిలో పంపు కింద పెట్టాడు.

“బౌలరు తప్పు బంతేస్తే ఇంకోటి వేసుకుంటాడు. బ్యాట్స్‌మన్‌కి తప్పు ఒక్కటేరా. ఒక్కటి చేస్తే ఇంకంతే.”

ఏసుపాదం ఇంత మంచి మాట ఎన్నడూ అనలేదు. ఇది వీరభద్రం సొంతం. అని, వాళ్ళు ఎదురు చెబుతారేమోనని కాసేపు చూశాడు. కుర్రాళ్ళు సైకిలు తీసుకుని వెళ్ళిపోయారు. ఆయన రోడ్డు అవతలికి చూస్తూ అలాగే కూర్చున్నాడు.