గళ్ళ చెప్పులు

బూట్లు విప్పి బల్ల కిందికి తోసి, హెర్మీనా ఉన్ని చెప్పుల్లో కాళ్ళు దూర్చింది. వీధి బూట్లతో చెక్కనేల తొక్కితే గదులు ఊడ్చే జోఫియా ఊరుకోదు. ఎదుటి బల్ల దగ్గర ఎర్విన్ అప్పటికే తన గళ్ళ గుడ్డ చెప్పుల్లో ఉన్నాడు. కుడి చెప్పుకు బొటనవేలి దగ్గర చిరుగు. కిందటి చలికాలం హెర్మీనాయే దాన్ని గోధుమరంగు దారంతో కుట్టింది. రంగు కలవలేదు. అతను రెండు గ్లాసుల్లో కాఫీపొడి మీద వేడినీళ్ళు పోసి, ఒకటి ఆమె వైపు జరిపాడు. పొడి అడుక్కి దిగేదాకా ఇద్దరూ మాట్లాడుకోరు. ఏళ్ళుగా అంతే.

ఈరోజు ఆమె పొడి దిగకముందే గ్లాసు ఎత్తి, మళ్ళీ దించేసింది.

నిన్న సాయంత్రం మెట్ల దగ్గర అతను మెల్లగా చెప్పాడు. రేపు వియన్నా రైలెక్కుతున్నానని, సముద్రానికి సెలవు మీద వెళుతున్నట్టు ఆఫీసులో చెప్పానని, అక్కణ్ణుంచి లండన్ పోయి మళ్ళీ రానని. "మీరూ రండి హెర్మీనా గారూ. రేపు పని అయ్యేలోగా చెప్పండి చాలు" అన్నాడు.

కిందటి ఆగస్టులో పరాయి సైన్యం ట్యాంకులు నిలబడ్డ వీధిలోనే ఇప్పుడు బుట్టల్లో ఆప్రికాట్లు అమ్ముతున్నారు. బ్రాటిస్లావా నుంచి సరిహద్దు దాటడానికి ఇంకా వీలుంది. ఎన్నాళ్ళుంటుందో ఎవరికీ తెలియదు. వసంతంలో అతని పోరు పడలేక చేయించుకున్న పాస్‌పోర్టు ఆమె చేతిసంచిలో దువ్వెన పక్కనే ఉంది.

వాళ్ళది ఇంగ్లీషు-స్లోవాక్ నిఘంటువు పని. ఇంగ్లీషువాళ్ళు చిన్న క్రియ ఒకటి తీసుకుని దాని వెనక ఓ బుల్లి మాటను తోకలా కడతారు. తోక మారితే జంతువే మారిపోతుంది. స్లోవాక్ భాషకు తోక గిట్టదు, ఆ బుల్లి మాటను తెచ్చి నెత్తిన పెట్టుకుంటుంది. యుద్ధకాలంలో లండన్‌లో పెరిగిన ఎర్విన్ తోకల సంగతి చెబుతాడు. కొండపల్లెలో అమ్మమ్మ మాటలు వింటూ పెరిగిన హెర్మీనా తలలు వెతుకుతుంది. దొరికినదాన్ని అట్టముక్క మీద రాసి పెట్టెలో నిలబెడతారు. ఇంగ్లీషు 'ఏ' అక్షరంతో మొదలుపెట్టిన పని ఇప్పటికి 'జీ' దాకా వచ్చింది.

"గెట్ ఓవర్," అన్నాడు ఎర్విన్, కళ్ళెత్తకుండా. "మనిషి పోతేనో, వదిలి వెళ్ళిపోతేనో... ఆ దుఃఖం ఒక గోడ అనుకోండి. దాన్నెక్కి అవతలికి దిగడం. జయించడం అని రాసేద్దామా?"

"మా అమ్మమ్మ ఏ గోడా ఎక్కలేదు. ఆవిడ 'ప్రెబోలీ' అనేది."

"అవును కదా! ఆ మాట నాకెందుకు తోచదు? అర్థం చెప్పండి, రాస్తాను."

"నొప్పి పెట్టాల్సినంతా పెట్టి, తీరాక దానంతటదే పోవడం. మనం చేసేదేం లేదు. ఓర్చుకుని కూర్చోవడమే."

"ఎన్నాళ్ళు?"

"అది మీ అట్టముక్క మీద పట్టదులెండి."

అతను రాయబోయి ఆగాడు. కలం అంచున సిరా ఉబ్బి, అట్ట మీద చుక్కగా రాలింది.

మధ్యాహ్నం జోఫియా చీపురుతో తలుపు తోసుకుని వచ్చింది. "సెలవుల్లో నేలకి మైనం పెడుతున్నా. అందరూ చెప్పులు ఇళ్ళకి పట్టుకెళ్ళి ఉతుక్కుని తెచ్చుకోండి. బల్లకింద ఒక్కటి కనబడిందా, పొయ్యిలోకే! ఎర్విన్ సారూ, మీ గళ్ళవి చూస్తే నాకే ఏడుపొస్తోంది."

"వాటికేమైందమ్మా? హెర్మీనా గారు కుట్టారుగా."

"కుట్టారు లెండి, కళ్ళు మూసుకుని! మీరిద్దరూ ఒకే ఇంటి గడప దగ్గర చెప్పులు విప్పుకుని ఉంటే నేనూ ఓ పెళ్ళి భోజనం తినేదాన్ని. చెబితే వింటారా!"

ఎర్విన్ నవ్వాడు. హెర్మీనా మొహం ఎర్రబడింది. ఇన్నేళ్ళూ వాళ్ళు 'మీరు' దగ్గరే ఆగిపోయారు. అక్కడి మర్యాద ప్రకారం 'నువ్వు' అనుకుందామా అని అడిగే హక్కు వయసులో పెద్దదానికి, ఆడమనిషికి ఉంటుంది. అతను అడగకూడదు. రేపడుగుదాం, పుట్టినరోజున అడుగుదాం, వైన్ తాగిన పూట అడుగుదాం అనుకుంటూనే ఆమె ఇంతదాకా వచ్చింది.

యుద్ధానికి వెళుతూ ఆమె అన్నయ్య ఇమ్రిఖ్ రైలు కిటికీలోంచి, ప్లమ్ పళ్ళు రాలేలోగా వస్తానన్నాడు. పళ్ళు రాలాయి, కుళ్ళాయి. అప్పటినుంచి ఆమెకు స్టేషనంటే ఎవరినో దిగబెట్టి వెనక్కి రావలసిన చోటు. తనూ రైలెక్కవచ్చన్నది ఆమె మనసుకు ఎక్కదు. నిన్న రాత్రి పాస్‌పోర్టు తీసి అందులోని తన ఫోటో చూసుకుంది. ఎవరో భయస్తురాలు.

తను తినడానికి తెచ్చుకున్న రొట్టె ముక్కల మధ్య కొవ్వు రాసి, ఉల్లిపాయ చక్రాలు పేర్చి, రెండు ఆప్రికాట్లతో కలిపి కాగితంలో పొట్లం కట్టింది. కాఫీ గ్లాసు పక్కనుంచి అతని వైపు జరిపింది.

"రైల్లో తినండి."

అతను పొట్లాన్ని చాలాసేపు చూశాడు. అది ఒక్కరికే సరిపోయే పొట్లం.

"ఎందుకు?" అన్నాడు.

"మీ ఇంగ్లీషు వినేవాళ్ళు అక్కడున్నారు. నా అమ్మమ్మ మాటలు లండన్‌లో ఎవరికి కావాలి?"

"నాకు కావాలి."

ఆమె పెన్సిల్ తీసుకుని చెక్కడం మొదలుపెట్టింది. మొన విరిగింది. మళ్ళీ చెక్కింది, మళ్ళీ విరిగింది.

సాయంత్రం అందరూ చెప్పులు వార్తాపత్రికల్లో చుట్టుకుంటున్నారు. "సముద్రంలో మునిగిపోకండోయ్, జీ ఇంకా సగమే అయింది!" అని శాఖాధికారి ఎర్విన్ భుజం తట్టి వెళ్ళాడు. ఎర్విన్ బూట్లు వేసుకుని, అలవాటు కొద్దీ గళ్ళ చెప్పుల్ని బల్ల కిందికి తోశాడు. చిన్న తోలుసంచి భుజాన వేసుకున్నాడు. వాకిట్లో జోఫియా బకెట్టుతో నిలబడి ఉంది. తిరిగొచ్చే మనిషి చెప్పులు పొయ్యిపాలు చేసుకోడు; ఆ సంగతి ఆవిడ పసిగడితే అతని ప్రయాణం ఆగిపోతుంది.

హెర్మీనా గబగబా అతని బల్ల దగ్గరికి నడిచింది. వంగి వాటిని తీసి, తన వాటితో కలిపి కాగితంలో చుడుతూ జోఫియాకు వినబడేలా అంది. "ఆయనవీ నేనే ఉతికి తెస్తాలే. ఈ మగవాళ్ళకి సబ్బు వాడడం ఎక్కడ వచ్చు!"

"అలా అన్నారు, బాగుంది," అంది జోఫియా, తృప్తిగా.

హెర్మీనా అతన్ని మెట్ల దాకా సాగనంపింది. అతను చెయ్యి చాపాడు. ఆ చెయ్యి పట్టుకుని, ఇన్నేళ్ళు దాచుకున్నది ఇచ్చేసింది.

"వెళ్ళు, ఎర్విన్. జాగ్రత్తగా వెళ్ళు."

అతను చెయ్యి వదల్లేదు. "ఇప్పుడా అనడం?"

"ఇప్పుడే."

"హెర్మీనా... నువ్వు..."

కింద ఎవరో తలుపు తీసిన చప్పుడయింది. అతను చెయ్యి వదిలేశాడు. కాసేపు అతని బూట్ల చప్పుడు మెట్ల మీద వినిపించింది. ఆ తర్వాత వీధిలో ట్రామ్ గంట మోగింది.

సెలవులు అయిపోయాయి. అతను రాలేదు. ప్రశ్నలు అడగడానికి ఎవరెవరో వచ్చారు. నాకేం తెలియదని చెప్పింది హెర్మీనా. ఆకులు రాలే కాలానికి సరిహద్దు మూసేశారు. అట్టముక్కలు పెట్టెల్లోనే ఉన్నాయి, పుస్తకంలో మాత్రం అతని పేరుండదన్నారు.

ఉతికి ఆరబెట్టిన అతని చెప్పుల్ని ఆమె ఒక ఉదయం అందరికంటే ముందొచ్చి అతని బల్ల కింద పెట్టింది. జోఫియా ఊడుస్తూ వచ్చి, వంగి చూసి, ఆమె మొహం వైపు చూసింది. చీపురును వాటి చుట్టూ తిప్పి ఊడ్చుకుంటూ ముందుకు వెళ్ళిపోయింది.

మైనం మెరుస్తున్న చెక్కనేల మీద, కిటికీ పక్క బల్ల కింద, వచ్చి కూర్చునే కాళ్ళకు వీలుగా మడమలు కుర్చీ వైపు తిరిగి ఉన్నాయి గళ్ళ చెప్పులు. కుడిదాని బొటనవేలి దగ్గర, రంగు కలవని కుట్టు.