ఒక్కసారీ పడని బోర్డు

మా అత్తగారి చేతులకు ఆపరేషన్ ఖాయమైంది. ముందు కుడిచెయ్యి, అది మానాక ఎడమచెయ్యి. మణికట్టు దగ్గర చిన్న కోత, అంతే, అన్నాడు డాక్టరు. చిన్న కోత అన్నది ఎప్పుడూ కోసేవాడి కొలతే.

సంగతేమిటంటే, కొంతకాలంగా ఆవిడ వేళ్ల చివర్లు చిమచిమలాడుతున్నాయి. డాక్టరు వేళ్లు వంచి చూశాడు, చాచి చూశాడు, చిన్న సుత్తితో మణికట్టు మీద తట్టి చూశాడు. "ఉద్యోగం ఏం చేసేవారమ్మా?" అని అడిగాడు. "టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపేదాన్ని" అంది అత్తగారు. దాంతో ఆయన ముఖం విప్పారింది. ఇక మిగతాది వినాల్సిన అవసరం ఆయనకు కనిపించలేదు. ఏళ్ల తరబడి టైపు కొట్టి కొట్టి మణికట్టులో నరం నలిగిపోయిందన్నాడు. ఆపరేషన్ దాకా చేతులకు పూర్తి విశ్రాంతి ఇవ్వమన్నాడు.

అత్తగారు బయటికి బింకంగానే ఉంది. "కోస్తే కోయనీ, గుమ్మడికాయని అడిగి కోస్తారా?" అని పక్కింటావిడతో నవ్వుతూ చెప్పింది. కానీ భోజనాల బల్ల దగ్గర ఒక్కతే కూర్చున్నప్పుడు బల్ల అంచు మీద పదివేళ్లూ ఆడించి చూసుకునేది. అక్కడ మిషనూ లేదు, కాగితమూ లేదు. వేళ్లు ఇంకా తన మాట వింటున్నాయో లేదోనని పరీక్ష. ఓ మధ్యాహ్నం నేను చూస్తుండగానే ఆడిస్తూ ఆగిపోయింది.

"అమ్మాయ్, కోశాక ఇవి నా చేతులే అంటావా?"

మా అత్తగారు నన్ను అభిప్రాయం అడగటం మామూలుగా జరిగే పని కాదు. పప్పులో ఉప్పు సరిపోయిందా అన్న విషయంలో కూడా ఆవిడది తీర్పే తప్ప ప్రశ్న ఉండదు. అందుకని పొయ్యి కట్టేసి వచ్చి ఎదురుగా కూర్చున్నాను.

"అసలు ఎప్పుడెప్పుడు వస్తోంది అత్తయ్యా ఆ చిమచిమ?"

"వాషింగ్ మెషిన్‌లోంచి బట్టలు తీసేటప్పుడు."

"మిగతా అప్పుడు?"

"మిగతా అప్పుడు శుభ్రంగా ఉంటాయి. పొద్దున సూదిలో దారం కూడా ఎక్కించాను."

"ఈ మాట డాక్టరుకి చెప్పారా?"

"ఆయన అడగలేదుగా. అడగని ప్రశ్నకి జవాబు రాస్తే మార్కులు రావని నా స్టూడెంట్లకి నేనే చెప్పేదాన్ని."

నేను డిగ్రీలో ఫిజిక్స్ చదివాను. పెళ్లయ్యాక ఆ ఫిజిక్స్ పాలు ఎప్పుడు పొంగుతాయో పసిగట్టడానికి తప్ప మరెందుకూ అక్కరకు రాలేదు. ఆ మధ్యాహ్నం మాత్రం అది లోపల ఎక్కడో ఒళ్లు విరుచుకుని లేచి కూర్చుంది.

సాయంత్రం మా ఆయన ఆఫీసు నుంచి రాగానే విషయం చెప్పాను. ఆయన ఆఫీసులో మేనేజరు. ఇంట్లో కూడా అదే పోస్టు అనుకుంటారు, మేం కాదని చెప్పలేదు.

"తడిబట్టలు బరువుగా ఉంటాయి కదే, నరం లాగుతుంది, అంతే" అన్నారు.

"షాక్ కొడుతోందేమో."

ఆయన నవ్వారు. జాలిగా కూడా నవ్వారు. హాల్లో తలుపు వెనకున్న కరెంటు బోర్డు వైపు, ఫస్టు ర్యాంకు వచ్చిన కొడుకుని చూపించినట్టు చెయ్యి చాపారు. "అన్నీ ఎమ్‌సీబీలే. ఎక్కడ చిన్న తేడా వచ్చినా టక్కున పడిపోవాలి. నిరుడు రిపేరు చేయించినప్పటి నుంచీ ఒక్కసారి పడిందా మన బోర్డు? ఆ మాటకొస్తే షాక్ అమ్మకే ఎందుకు కొట్టాలి, నీకెందుకు కొట్టట్లేదు?"

ప్రశ్న మంచిదే. ఆయన పొరపాటున మంచి ప్రశ్నలు వేస్తుంటారు. నేను నా కాళ్ల వైపు చూసుకున్నాను. రబ్బరు చెప్పులు. తర్వాత అత్తగారి కాళ్ల వైపు చూశాను. ఆవిడ ఇంట్లో చెప్పులేసుకోవడం ఈ జన్మలో జరగదు. తడి నేల మీద కూడా వట్టి కాళ్లతోనే నిలబడుతుంది. ఇక మా ఆయనకెందుకు కొట్టలేదన్న దానికి పరిశోధన అక్కర్లేదు. ఆయన వాషింగ్ మెషిన్‌ని ముట్టుకున్న దాఖలాలు లేవు.

వంటింటి సొరుగులో స్పూన్ల వెనక పడున్న టెస్టర్ తీసుకుని వెనక వరండాలోకి నడిచాను. తల్లీ కొడుకూ వెనకాలే వచ్చారు. మెషిన్ మూత కింద రంగు లేచిపోయిన చోట టెస్టర్ మొన ఆనించాను. దాని కడుపులో ఉన్న చిన్న దీపం చక్కగా వెలిగింది.

"అదేంటి, వెలగకూడదు కదా?" అన్నారు మా ఆయన.

"నరం అండీ. మెషిన్‌కి కూడా నలిగినట్టుంది."

అత్తగారు ఫక్కున నవ్వి, కొడుకు ముఖం చూసి, దగ్గులోకి దింపేసింది.

బోర్డు దగ్గరికెళ్లి వెనక వరండా ఎమ్‌సీబీ కిందికి దించాను. అప్పుడు వచ్చి ప్లగ్గు పీకాను. మెషిన్ ఇంతకుముందు గోడ సాకెట్టు పక్కనే ఉండేది. ఆ మధ్య వరండాలో టైల్స్ వేయించాక దాన్ని రెండో మూలకి జరిపి, వైరు అందట్లేదని మా ఆయన ఎక్స్‌టెన్షన్ బాక్సు ఒకటి పెట్టారు. దాని వెనకమూత విప్పి చూస్తే మూడో రంధ్రం ఉత్త రంధ్రమే. దానికి ఎర్తు వైరే లేదు. అత్తగారి చిమచిమ మొదలైంది కూడా టైల్స్ వేశాకే.

"సరే, ఎర్తు లేదు. కానీ మరి ఎమ్‌సీబీ ఎందుకు పడలేదు?" మా ఆయన బోర్డు మీద ఈగ వాలనివ్వరు.

"ఎమ్‌సీబీ వైరు తరఫు మనిషండీ. మన తరఫు కాదు. వైరులో మోయలేనంత కరెంటు పోతున్నప్పుడు, లేదా రెండు వైర్లు తగులుకున్నప్పుడు పడుతుంది. వైరు కాలకుండా, ఇల్లు అంటుకోకుండా కాపాడుతుంది. అత్తయ్య వేళ్లలోంచి పోయేదెంత? ఓ చిన్న బల్బు వెలగడానికి చాలినంత కూడా ఉండదు. మనిషిని చంపడానికి అంతకన్నా అక్కర్లేదు కూడా. అంత చిన్నదాన్ని ఎమ్‌సీబీ అసలు లెక్కలోకే తీసుకోదు."

"మరి మనిషి తరఫున ఎవరూ లేరా?" అంది అత్తగారు. గొంతులో నవ్వు పోయింది.

"ఉన్నాడు. ఆర్‌సీసీబీ అని. వాడి పని ఒక్కటే, లోపలికి వెళ్లిన కరెంటంతా తిరిగి వచ్చిందా లేదా అని చూడటం. పిల్లల్ని విహారయాత్రకి తీసుకెళ్లిన టీచరు బస్సెక్కేటప్పుడు తలలు లెక్కపెట్టుకుంటుందే, అలాగ. ఏ కాస్త తగ్గినా, మధ్యలో ఎవరి ఒంట్లోంచో నేలలోకి పోయిందని అర్థం. వెంటనే పడిపోతాడు."

"అదీ ఉంది మనకి!" అన్నారు మా ఆయన విజయగర్వంతో. బోర్డు తలుపు తెరిచి చూపించారు. నిజమే, ఎమ్‌సీబీల పక్కన వెడల్పుగా, దర్జాగా, 'T' అని రాసిన చిన్న మీటతో కూర్చునుంది ఆర్‌సీసీబీ.

ఆ మీట పరీక్ష కోసం. నొక్కితే బ్రేకరు పడాలి. అప్పుడప్పుడూ నొక్కి చూడమని దాని మీదే రాసుంటుంది గానీ, మీద రాసింది చదివే అలవాటు మనకి మందుసీసాల విషయంలోనే లేదు. నొక్కాను. ఏమీ కాలేదు. గట్టిగా నొక్కాను. ఏమీ కాలేదు. చివరికి దాని పిడినే పట్టుకుని కిందికి దించేశాను.

ఇల్లంతా చీకటైపోవాలి. హాల్లో ఫ్యాను హాయిగా తిరుగుతోంది. ఫ్రిజ్ గుర్రుమంటోంది. టీవీలో ఎవరో అమ్మాయి సబ్బుని తెగ పొగుడుతోంది.

మా ఆయన ఫ్యాను వైపూ, పిడి వైపూ మార్చి మార్చి చూశారు. "ఇదేంటే, దీనికి కనెక్షనే లేదా?"

"కుర్చీ ఉంది, బోర్డుంది, పని మాత్రం లేదు. మీ ఆఫీసులో ఇలాంటివాళ్లు లేరా?"

ఆయన ఎలక్ట్రీషియన్‌కి ఫోన్ చేశారు.

మా ఎలక్ట్రీషియన్‌ని వీధంతా స్పీడు అని పిలుస్తుంది. నిచ్చెన వేయడానికి పట్టే టైములో పని ముగించి దిగిపోతాడు. వచ్చీ రాగానే బోర్డు విప్పి, "ఓ, ఇదా!" అన్నాడు, పాత స్నేహితుడు కనపడ్డట్టు.

"ఇదే. దీన్ని పక్కన కూర్చోబెట్టి వైర్లు డైరెక్ట్‌గా ఇచ్చిందెవరు బాబూ?"

"నేనేనమ్మా. అప్పట్లో ఊరికూరికే పడిపోతోందని సారే పిలిచారు. పడకుండా చెయ్యమన్నారు. చేశాను. అప్పట్నుంచీ ఒక్కసారన్నా పడిందా సార్, మీరే చెప్పండి?"

సారు గోడ మీద క్యాలెండరు చూస్తున్నారు.

"అది ఎందుకు పడుతోందో చూడలేదా?" అన్నాను.

"పడుతోందంటే పాడైపోయిందనే కదమ్మా."

"ఇంట్లో కుక్క అరుస్తుంటే దొంగ వచ్చాడేమో చూస్తాం గానీ, కుక్క నోరు కట్టేస్తామా?"

స్పీడు తల గోక్కున్నాడు. కానీ వాడు ఓటమి ఒప్పుకునే రకం కాదు. "పోనీ ఓ పని చేద్దాం. వెనకవైపు పదహారుది తీసేసి ముప్పైరెండు ఆంప్స్ ఎమ్‌సీబీ పడేస్తా. ఇక ఏం జరిగినా కదలదు."

"వైరు మాత్రం అదే సన్నటిది. బ్రేకరు కదలకపోతే వైరు కాలుతుంది. వాచ్‌మన్ నిద్రపోతున్నాడంటే నువ్వు వాడికి దిండు కొనిస్తానంటున్నావు."

"మీరేం చదువుకున్నారమ్మా?"

"వాడికి ముందు పని చెప్పు" అంది అత్తగారు.

మెయిన్ ఆపించి, ఆర్‌సీసీబీకి వైర్లు తిరిగి ఇప్పించాను. మెయిన్ వేశాక ఈసారి 'T' మీట నొక్కితే టక్కున పడింది, ఇల్లంతా ఆగిపోయింది. మళ్లీ ఎత్తాం. ఎక్స్‌టెన్షన్ బాక్సుని చెత్తబుట్టకి అప్పగించి, అందరం కలిసి మెషిన్‌ని పాత మూలకి తోసి, ఎర్తు ఉన్న గోడ సాకెట్లో ప్లగ్గు పెట్టించి, వెనక వరండా ఎమ్‌సీబీ పైకెత్తాను. అత్తగారిని దూరంగా, పొడినేల మీద, నా చెప్పులు తొడిగి మరీ నిలబెట్టాను. చెప్పులు తొడుక్కుందంటేనే తెలియాలి, ఆ రోజు ఆవిడ ఎంత సీరియస్‌గా ఉందో.

స్పీడు స్విచ్ వేశాడు. టక్.

ఫ్యాను నెమ్మదించింది. ఫ్రిజ్ మూగబోయింది. సబ్బు అమ్మాయి మాయమైంది.

"పడింది!" అని అరిచారు మా ఆయన. బోర్డు పడిందని ఆయన సంతోషపడటం అదే మొదటిసారి.

ప్లగ్గు తీస్తే నిలబడింది. పెడితే పడింది. స్పీడు మెషిన్ వెనక రేకు విప్పి, టార్చి వేసి చూసి, "నీళ్లు వేడిచేసే హీటరు పోయిందమ్మా. పగిలి లీకవుతోంది" అన్నాడు. నిరుడు ఆర్‌సీసీబీ పదేపదే పడింది కూడా దీనివల్లే. నోరు కట్టేశాక లీకైన కరెంటు చడీచప్పుడు లేకుండా ఎర్తు వైరులోంచి దిగిపోయేది. టైల్స్ వేశాక ఆ దారి కూడా మూసుకుపోయింది. ఇక మిగిలిన దారి మా అత్తగారే.

ఆవిడ పదివేళ్లూ ముఖం ముందు పెట్టుకుని, ఒక్కొక్కటే మడిచి విప్పి చూసుకుంది.

"అంటే ఇవి బానే ఉన్నాయన్నమాట."

"మీ వేళ్లు బానే ఉన్నాయత్తయ్యా. ఇంట్లో పనిచేసిన బ్రేకరు అవొక్కటే."

మా ఆయన మంచివారే. ఆర్‌సీసీబీకి ఉద్యోగం తీసేయించిన రోజున ఎవరి ప్రాణం పణంగా పెట్టారో అప్పుడే ఆయన బుర్రకెక్కింది. "అమ్మా..." అని ఏదో మొదలుపెట్టారు.

"ఫోన్ ఇటివ్వరా" అంది ఆవిడ.

డాక్టరుగారి ఫోన్ కలిసింది. "నమస్కారమండీ, టైపు ఇన్‌స్టిట్యూట్‌ని. ఆపరేషన్ వద్దండీ... భయమేం లేదు, దోషం దొరికింది. మణికట్టులో కాదు, వాషింగ్ మెషిన్‌లో... అవునండీ, వాషింగ్ మెషినే. మెషిన్‌లోంచి బట్టలు తీసేటప్పుడు మాత్రమే వచ్చేది... అదేంటండీ, మీరు అడిగితే చెప్పకపోదునా? సరే, ఓసారి వచ్చి గుండె చూపించుకుంటాను, అదైతే న్యాయం." అని పెట్టేసింది.

మర్నాడు స్పీడు వెనక వరండా లైనుకి ఆర్‌సీబీఓ అని కొత్తది బిగించాడు. వైరు తరఫు మనిషీ, మన తరఫు మనిషీ ఒకే డబ్బాలో ఉంటారు. దాన్ని తీసుకున్నది మరో లాభం కోసం. వెనకాల తేడా వస్తే వెనకాలే ఆగుతుంది, ముందు గదుల్లో ఫ్యాన్లు తిరుగుతూనే ఉంటాయి. వదులు వైర్లలో లేచే నిప్పురవ్వల్ని పసిగట్టే రకం కూడా ఒకటుందని చెబితే స్పీడు నా వైపు అనుమానంగా చూసి, "మీరు ఈ లైన్లోకి వస్తున్నారా అమ్మా?" అని అడిగాడు. ఆలోచిస్తున్నానన్నాను. వాడు ఆ రోజు నిచ్చెన మీద మామూలుకన్నా చాలాసేపు ఉన్నాడు. ప్రతి స్క్రూ రెండోసారి బిగించాడు.

మెషిన్ రిపేరుకి వెళ్లింది. ఆదివారం పొద్దున వెనక వరండాలో విడిచిన బట్టలు గుట్టగా పడున్నాయి. మా ఆయన పేపరు మడిచి, "మెషిన్ వచ్చేదాకా ఇవన్నీ ఎవరు ఉతుకుతారు?" అని అడిగారు. ఆయన పొరపాటున మంచి ప్రశ్నలు వేస్తారని ముందే చెప్పాను.

అత్తగారు రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుంది. "నా చేతులకి పూర్తి విశ్రాంతి ఇవ్వమన్నాడురా డాక్టరు."

"ఆపరేషనే వద్దన్నావు కదమ్మా?"

"ఆపరేషన్ వద్దన్నాను. విశ్రాంతి వద్దన్నానా?"

ఆయన నా వైపు చూశారు. నేను స్క్రూడ్రైవరు పట్టుకుని స్టూలెక్కి పడకగది స్విచ్‌బోర్డు ముందు నిలబడి ఉన్నాను, మెయిన్ ఆపేసి. అక్కడ ఓ వైరు వదులుగా ఉందని అనుమానం. అంతకన్నా గట్టిగా చెప్పాలంటే, ఆ గంటలో నాకు ఆ అనుమానం చాలా అవసరం.

కాసేపటికి వెనక వరండాలో నీళ్ల చప్పుడు మొదలైంది. అత్తగారు గుమ్మంలో కుర్చీ వేసుకుని, టైపు నేర్పిన గొంతుతో చెబుతోంది. "కాలరు దగ్గర గట్టిగా. అంత గట్టిగా కాదు. వేళ్లతో, మణికట్టుతో కాదు. మళ్లీ మొదట్నుంచి."