ఆరో తెల్లముక్క

స్కూల్లో చీటీలు తీస్తే మా మనవరాలు సాయిప్రసన్నకు ఆండ్రూ జాన్సన్ వచ్చాడు. అమెరికా అధ్యక్షుల్లో ఒక్కొక్కరి జీవితం గురించి ఒక్కొక్క పిల్ల మాట్లాడాలట. ఆ పేరు నేనెప్పుడూ వినలేదు. లింకన్ రానందుకు మొహం ముడుచుకుని, మా బట్టల కొట్లో తానుల పక్కన కూర్చుని పైకి చదవడం మొదలుపెట్టింది. రెండు పేజీలయ్యేసరికి నేను గిరాకీ వదిలేసి వింటున్నాను.

ఆయన దర్జీ. మూడేళ్లకే తండ్రి పోయాడు. బడి మొహం చూడలేదు. చిన్నప్పుడే ఒక దర్జీ దగ్గర పనికి పెడితే అక్కణ్ణుంచి పారిపోయి, తర్వాత వేరే ఊళ్లో సొంత కొట్టు పెట్టుకున్నాడు. రాతా, లెక్కలూ పెళ్లయ్యాక భార్య నేర్పింది. కౌన్సిలరయ్యాడు, మేయరయ్యాడు, గవర్నరయ్యాడు. గవర్నరై ఉండి కూడా సొంత చేత్తో సూటు కుట్టి పక్క రాష్ట్రం గవర్నరుకు పంపాడట. లింకన్‌ను కాల్చి చంపినప్పుడు ఉపాధ్యక్షుడు ఆయనే గనక అధ్యక్షుడయ్యాడు.

నేనూ మండపేటలో ఒకరి అరుగు మీద మిషన్ తొక్కుతూ మొదలుపెట్టినవాణ్ణే. మీనాకుమారి నన్ను చేసుకున్నాకే నాకు సంతకం పెట్టడం వచ్చింది. ఇప్పుడు తొమ్మిదేళ్లుగా బట్టల వర్తకుల సంఘానికి అధ్యక్షుణ్ణి. ఇదంతా మీ తాత కథే అని పిల్లతో గర్వంగా అన్నాను.

"అంత మంచోడేం కాదు తాతయ్యా," అంది. బానిసత్వం పోయాక నల్లవాళ్లకు హక్కులిచ్చే చట్టాలకు అడ్డుపడ్డాడట. తనకు గిట్టని మంత్రిని సెనేట్‌ను అడక్కుండా తీసేశాడట. దాంతో ఆయన్నే దించాలని విచారణ పెట్టారు. మూడింట రెండొంతుల ఓట్లు కావాలి. ఒక్కటి తక్కువైంది.

ఆ ఆదివారమే మా సంఘంలో నా మీద అవిశ్వాస తీర్మానం.

ఆ ఒక్క ఓటూ ఎవరిదని అడిగాను. ఒకరిదని చెప్పలేమంది పిల్ల. అవతలి పార్టీవాళ్లే ఏడుగురు ఆయన్ని వదిలెయ్యమన్నారట. వాళ్లలో కొందరు ఓటు అమ్ముకున్నారని జనానికి అనుమానం. చివరికి ఏమీ తేలలేదట. తేలకపోవడమేంటి, అమ్ముకునే ఉంటారు అనుకున్నాను. ఊరికే ఎవరు ఓటేస్తారు?

నా మీద నేరమూ జాన్సన్ మీదిలాంటిదే. మా సంఘం కార్యదర్శి నిరంజన్‌ను కమిటీని అడక్కుండా తీసేశాను. ఇరవై ఏళ్ల క్రితం నా కొట్లోనే పని నేర్చుకుని, తర్వాత ఎదురు వరసలో సొంత కొట్టు పెట్టుకున్నాడు. రాజమండ్రిలో కొత్తగా వస్తున్న పెద్ద షోరూమ్ వాళ్లతో టీ తాగుతూ మూడుసార్లు కనిపించాడు. నేను దగ్గరికొస్తే ఫోన్ పెట్టేసేవాడు. ఇంకేం కావాలి? మన రేట్లు వాళ్లకు చేరవేస్తున్నాడని నేను నమ్మాను. తీసేసినట్టు కాగితం రాసి బోర్డుకు అంటించాను.

మా సంఘంలో ఓటు కాగితంతో వెయ్యరు. చేతిరాత పట్టేస్తారని పాతకాలం పెద్దలు గుడ్డముక్కలు పెట్టారు. ప్రతి కొట్టువాడూ తన తానుల్లోంచి నాలుగు వేళ్ల వెడల్పున ఒక తెల్లముక్కా, ఒక ఎర్రముక్కా తెచ్చుకుని, ఒకటి డబ్బాలో వేస్తాడు. తెలుపంటే ఉండమని, ఎరుపంటే దిగిపొమ్మని. అయితే బట్టల వ్యాపారం చేసేవాడికి ముక్క చూస్తే అది ఏ కొట్టుదో తెలిసిపోతుంది. అందుకే లెక్క అవగానే కార్యదర్శి అందరి ముందూ వాటిని కాల్చెయ్యాలి. అదీ ఆచారం.

పదిహేను కొట్లు. పది ఎర్రముక్కలు పడితే నేను దిగాలి. నాకు ఖాయమనుకున్న తెల్లవి, నాదీ మా బావమరిదిదీ కలిపి, ఐదే. సంఘంలో అందరికన్నా పెద్దవారు, కళ్లలో శుక్లాలు ముదిరిన అమ్మిరాజు గారు ముక్కలు కళ్లకు ఆనించుకుని లెక్కపెట్టారు. ఎర్రవి తొమ్మిది. తెల్లవి ఆరు.

అందరూ నాకు షేక్‌హ్యాండిచ్చి వెళ్లిపోయారు. కాల్చడానికి కార్యదర్శి లేడు. ఇంట్లో నేనే కాలుస్తానని డబ్బా చంకన పెట్టుకున్నాను. ఎవరూ కాదనలేదు.

మధ్యాహ్నం భోజనానికి కూడా లేవలేదు. గెలిచినందుకు రవ్వంత సంతోషం లేదు. ఆరో ముక్క ఎవరిది? వేసినవాడు రేపో మాపో వచ్చి ఏదో అడుగుతాడు. ఏం అడుగుతాడో ముందే తెలుసుకోవాలి. డబ్బా మూత మీద చెయ్యి వేశాను. మీనాకుమారి గుమ్మంలో నిలబడి చూస్తోంది.

"అది తెరిస్తే ఇంక మీరు అధ్యక్షులు కారండి," అంది.

తెరిచాను. నాది లాంగ్‌క్లాత్. బావమరిదిది పాప్లిన్. మిగతా మూడూ నేననుకున్నవాళ్లవే. ఆరోది లైనింగ్ గుడ్డ. అంచులో కత్తెర ఆనవాలు లేదు. ఊళ్లో అందరూ చివరిదాకా కత్తెరతో కోస్తారు. కొసన కాస్త గంటు పెట్టి, పోగు వెంబడి చర్రున చింపేవాళ్లం ఇద్దరమే. ఒకణ్ణి నేను. రెండోవాడికి నేర్పింది నేనే.

నిరంజన్.

సిగ్గు పడాల్సింది. పడలేదు. నా అనుమానం ఇంకా పెరిగింది. నేను తీసేసినవాడు నన్నెందుకు నిలబెడతాడు? షోరూమ్ వాళ్లు చెప్పారా? మళ్లీ కార్యదర్శి పదవి కావాలా? వెళ్లి సారీ చెప్పి రమ్మంది మీనాకుమారి. అడిగి వస్తానన్నాను.

మర్నాడు కొట్లు తీసే వేళకి నిరంజన్ దగ్గరికి వెళ్లాను. జేబులోంచి తెల్లముక్క తీసి బల్ల మీద పెట్టి, నీకేం కావాలో చెప్పు, కార్యదర్శి పదవైతే ఈరోజే ఇచ్చేస్తానన్నాను.

వాడు ముక్కను చూశాడు.

"కాల్చలేదా బాబాయ్ గారూ?"

నేను ముక్కను వాడి వైపు జరిపాను.

"రాజమండ్రి ఎందుకు వెళ్లానో అడక్కుండానే తీసేశారు. సరే అనుకున్నాను. తొమ్మిదేళ్లు చేసిన మనిషిని నలుగురిలో దించడం బాగోదని వేశానండి. మీకు తెలీదులే అని వేశాను."

అప్పుడైనా ఎందుకు వెళ్లావని అడగాల్సింది. అడగలేదు. వాడు వెనక్కి తిరిగి ఎర్ర తాను దించాడు. కొసన కత్తెర ఆనించి చర్రున చింపాడు. నేను నేర్పినట్టే, ఒక్క పోగు వంకర లేదు. ఆ ముక్క తెచ్చి నా చేతిలో పెట్టాడు.

"మళ్లీ మీటింగ్ పెట్టించండి. ఇది పదోది," అన్నాడు. "ఈసారి ఎవరిదో వెతుక్కోక్కర్లేదండి."