మర్నాటి గొంతు

పొద్దున పది గంటల క్లాసుకి పిల్లలు ముందే వచ్చి కిటికీలన్నీ మూసేవాళ్లు. బస్సుల హోరులో మేడం పాఠంలో ఒక్క ముక్క జారిపోయినా మళ్లీ దొరకదు. ప్రాచీన చరిత్ర మేడం ఇవాళ చెప్పింది రేపు, అదే గదిలో, అదే వేళకి వినిపిస్తుంది మరి.

ఇంట్లో ఆవిడకి ఈ తంటా లేదు. కూర మాడిందని అత్తగారు అంటే, "చూస్తూ ఉండమన్నది మీ అబ్బాయిని కదండీ!" అని అక్కడికక్కడే జవాబు అప్పజెప్పేది. సుద్దముక్క పట్టుకుని పాఠం ఎత్తుకుంటే మాత్రం పెదాలు ఇవాళ కదిలేవి, మాట మర్నాడు వచ్చేది. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆవిడ బెంబేలెత్తింది గానీ, పిల్లలే సర్దుకున్నారు. నిన్నటి పాఠం చెవులతో వింటూ, ఇవాళ్టి బొమ్మలు బోర్డు మీంచి దించుకునేవాళ్లు. శనివారం పాఠం కోసం ఆదివారం కూడా వచ్చి కూర్చునేవాళ్లు. సెలవు రోజు తాళం తీయాల్సొస్తోందని అటెండరు సణిగేవాడు. అంతకుమించి ఎవరూ ఏమీ అనుకోలేదు.

చిక్కంతా పర్మనెంటు ఉద్యోగం దగ్గర వచ్చింది. ఆవిడది తాత్కాలిక కొలువు, పరీక్షలతో సరి. ఉన్నది ఒక్కటే పోస్టు. పోటీకి డిపార్టుమెంటు హెడ్డుగారి దగ్గర పరిశోధన చేసిన కుర్రాడు ఉన్నాడు. పెద్ద హాల్లో కమిటీ ముందు పాఠం చెప్పి చూపించాలి. మొదటి రోజు పదింటికి ఆవిడ, మర్నాడు పదింటికి ఆ కుర్రాడు.

"ముందురోజు హాలు ఇప్పించండి సార్. ఒకసారి చెప్పిపెట్టుకుంటాను," అని హెడ్డుగారిని అడిగింది.

"ముందే చేయించి పెట్టుకోడానికి రైలు టికెట్టా అమ్మా? హాలు ఖాళీ లేదు," అన్నాడాయన.

ఆ సాయంత్రం అన్నం సహించలేదు. అత్తగారు కంచం మళ్లీ ముందుకి జరిపింది. "ఎప్పుడు వినిపిస్తే నీకెందుకే? బాగా చెప్పడం నీ వంతు."

"నా గొంతు వచ్చేలోపు వాళ్లు తేల్చేస్తే, అత్తయ్యా?"

"తేల్చనీ. నువ్వు మాత్రం ఒక్క మాట మింగకు."

ఆవిడ వెళ్లింది. బల్ల మీద పాత కుండ పెంకు పెట్టి, పెదాలు కదుపుతూ, చేతులు తిప్పుతూ, చెప్పాల్సిందంతా చెప్పింది. పెంకు కమిటీలో ఒక్కొక్కరి చేతికీ ఇచ్చింది. వాళ్లు అటూ ఇటూ తిప్పి చూశారు. మధ్యలో హెడ్డుగారు నవ్వు ఆపుకుంటూ, "రాజుల పేర్లు లేకుండా చరిత్రేంటమ్మా?" అని అడిగాడు. ఆవిడ కాస్త ఆగి, ఆయన కళ్లలోకి చూస్తూ నిదానంగా ఏదో జవాబిచ్చింది. హాల్లో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు.

"సున్నా వేసేద్దామా?" అన్నాడు హెడ్డుగారు.

బయటి యూనివర్సిటీ నుంచి వచ్చిన పెద్దావిడ కళ్లజోడు తుడుచుకుంది. "తొందరేముందండీ. రేపూ ఇక్కడే ఉంటాంగా."

మర్నాడు మేడం ఇంట్లో కాలు నిలవక వచ్చి, హాలు తలుపు పక్కన గోడకి ఆనుకుని నిలబడింది. లోపల కుర్రాడు "గౌరవనీయులైన..." అన్నాడో లేదో, హాలంతా ఆవిడ గొంతు నిండిపోయింది.

"ఈ పెంకు లోపలివైపు ఒక బొటనవేలి ముద్ర ఉంది. మట్టి తడిగా ఉన్నప్పుడు పడింది. ఈ కుండ చేసినామె పేరు ఎవరూ రాసిపెట్టలేదు. ఏ భాష మాట్లాడిందో తెలీదు. కానీ నా వేలు ఇందులో సరిగ్గా పడుతోంది. మీరూ పెట్టి చూడండి."

కమిటీ పెద్దగా కూర్చున్న వైస్ చాన్సలర్ తన బొటనవేలు చూసుకున్నారు. కుర్రాడు గొంతు పెంచబోయాడు. "ఆగు నాయనా, నీకు మధ్యాహ్నం టైమిస్తాం," అన్నారాయన. కుర్రాడు ముందు కుర్చీలో కూలబడ్డాడు. కాసేపటికి జేబులోంచి పెన్ను తీసి తనూ రాసుకోసాగాడు.

ఉన్నట్టుండి గొంతు ఆగింది. నిన్న అక్కడ తను ఏమడిగాడో హెడ్డుగారికి గుర్తొచ్చి, చెవులు ఎర్రబడ్డాయి.

"మంచి ప్రశ్న సార్," అంది గొంతు. "పేరు చెక్కించుకున్నవాళ్లు ఏ కొద్దిమందో. వండుకుని తిన్నవాళ్లు అందరూ. నేను ఆ అందరి దగ్గర మొదలుపెడతాను. రాజులు ఎటూ పోరు, దారిలో వాళ్లూ తగులుతారు."

ముందు చప్పట్లు కొట్టింది పెద్దావిడ. తర్వాత అందరూ. చివరికి తల వంచుకునే హెడ్డుగారి చేతులూ కలిశాయి.

మధ్యాహ్నం కుర్రాడి పాఠం కూడా పూర్తిగా విన్నాక, ఆవిడని లోపలికి పిలిచారు.

"పోస్టు నీకే ఇస్తున్నామమ్మా," అన్నారు వైస్ చాన్సలర్. "చేరతావా? తొందరలేదులే, జవాబు రేపు వినిపించినా చాలు."

"ఇప్పుడే వినండి సార్! చేరతాను!"

ఆ మాట హాలు దాటి, వరండా దాటి, మెట్ల మీద కాచుకుని కూర్చున్న పిల్లల దాకా పోయింది. వాళ్ల కేకలకి కింది అంతస్తులో లెక్కల క్లాసు ఆగిపోయింది.