పిడి గుంటలో గీతలు

ఇంతిసార్ కారు వెనక తలుపు దగ్గర గొంతుక్కూర్చుని, మొగుడి పాత బనియను ముక్కతో పాలిష్ ముద్ద రుద్దుతోంది. రుద్దేముందు గీత మీద బొటనవేలి గోరు నడిపి చూసుకుంది. గోరు ఎక్కడా తట్టుకోలేదు. అంటే గీత పైపొర మీదే ఉంది, పోతుంది. ఆమె చేతులకు ఆ గోరొక్కటే మిగిలింది. తక్కినవన్నీ ఈ పనిలోనే మొదళ్ళదాకా అరిగిపోయాయి.

మన్సూరా పట్నంలో పాత కారు కొనేవాడు మొదట అడిగే మాట ఒకటే, "ఫాబ్రికాయేనా?" అని. అంటే ఫ్యాక్టరీ రంగే ఉందా, మీద మరో చెయ్యి పడిందా అని. ఒక్క తలుపుకు కొత్త రంగు కొట్టించినా చాలు, వచ్చినవాడు పెదవి విరిచి వెళ్ళిపోతాడు. అందుకని మొగుడు షౌకీ కొని అమ్మే కార్లు రంగుల షెడ్డుకు పోవు, ఇంటి వెనక వాకిట్లోకి వస్తాయి. ఇంతిసార్ రుద్దుతుంది. బేరానికి వచ్చినవాళ్ళు తలుపుల మీద చెయ్యి వేసి, షౌకీ చెయ్యి బంగారం అంటారు. అతను తలవంచుకుని అంతా దేవుడి దయ అంటాడు. ఆ సమయానికి ఇంతిసార్ టీ గ్లాసుల పళ్ళెం పట్టుకుని తలుపు చాటున నిలబడి ఉంటుంది. పెళ్ళైన కొత్తలో ఆ మాట వింటే లోలోపల నవ్వొచ్చేది, ఇది మా ఇద్దరి గుట్టు అనుకునేది. గుట్టు కాదని, తాను లెక్కలోనే లేనని తెలియడానికి చాలాకాలం పట్టింది. ఒకసారి ఇరుగుపొరుగు ఆడవాళ్ళు చేరినప్పుడు అత్తగారు, ఊరంతా హజ్జా అని పిలిచే తవ్హీదా, "మా కోడలూ ఫాబ్రికానే, ఒక్క కాన్పు కూడా తగల్లేదు" అంది. అందరూ కళ్ళు తుడుచుకునేంతగా నవ్వారు. ఇంతిసార్ కూడా నవ్వింది. నవ్వకపోతే ఆ మాట తనకు తగిలిందని తెలిసిపోతుంది.

ఇవాళ వాకిట్లో ఉన్నది అమ్మకపు కారు కాదు, సొంత కారు. రేపు ఒకాయన చూడటానికి వస్తున్నాడని, అద్దంలా మెరవాలని షౌకీ పొద్దున్నే చెప్పాడు. సొంత కారు ఎందుకు అమ్ముతున్నావని ఆమె అడగలేదు. అడిగితే వచ్చే జవాబు ఎప్పుడూ ఒకటే, నీకెందుకు అని.

బానెట్ మీద ముద్ద పూసి, అది కాస్త పట్టేలోగా పిడుల పని చూద్దామని తలుపుల దగ్గరికొచ్చింది. తలుపు పిడి వెనక వేళ్ళు దూర్చే గుంట ఉంటుందే, దాన్ని ఎవరూ చూడరు. ఆమె మాత్రం ముందు అదే చూస్తుంది. కారు ఎవరి చేతిలో బతికిందో అక్కడ తెలుస్తుంది. ఉంగరాలవాళ్ళ గీతలు లోతుగా, వంకరగా ఉంటాయి. తాళాలగుత్తి పట్టుకుని తలుపు తీసేవాళ్ళవి చుక్కలు చుక్కలుగా ఉంటాయి. డ్రైవరు పక్క సీటు తలుపు దగ్గర వంగిన ఇంతిసార్ వంగినట్టే ఉండిపోయింది. గుంటనిండా వెంట్రుకవాసి గీతలు, నాలుగేసి పక్కపక్కనే, పిల్లికూన గీరినట్టు.

పొడుగు గోళ్ళు. హజ్జావి కావు, ఆమె మక్కా నుంచి వచ్చాక ఏ తలుపూ తన చేత్తో తీసుకోలేదు, కొడుకే తీసి కూర్చోబెడతాడు. తనవీ కావు. తనెప్పుడూ వెనక సీట్లోనే, కూరల సంచుల పక్కన. అయినా తన వేళ్ళు గుంటలో పెట్టి చూసుకుంది. మొండి వేళ్ళు ఆ గీతల దాకా అందనేలేదు. ఇవి ఒకనాటివి కావు. సొంత ఇంటి తలుపు తీసుకున్నంత అలవాటుగా, ఎవరో రోజూ ఎక్కి దిగుతున్నారు. నెలల తరబడి. ఆ నెలల్లోనే తను అతని చొక్కాలు ఉతికింది, అతనికిష్టమని కుందేలు మాంసంతో ములూఖియా ఆకుకూర వండింది, దగ్గొస్తే జామాకు కాచి ఇచ్చింది.

షౌకీ వాకిట్లోకి వచ్చి, అయిందా అన్నాడు.

"ముందు సీట్లో ఎవరు కూర్చుంటున్నారు?" అని అడిగింది.

అతను గుంటలోకి చూశాడు. ఆమె ముఖంలోకి చూడలేదు. "గీతలేగా. గోటికి తట్టడం లేదు కదా, రుద్దేయ్."

కాదనలేదు. కనీసం అబద్ధమైనా ఆడతాడని ఇంతిసార్ చూసింది. ఆ శ్రమ కూడా తీసుకోలేదు.

గుమ్మంలో కుర్చీ వేసుకుని బెండకాయలు తరుగుతున్న హజ్జా కత్తి పక్కన పెట్టింది. "ఎవరూ కారు కొనడానికి రావడం లేదే. వాడికి చెప్పడం చేతకాలేదు, నేను చెబుతున్నా. రేపు జుమా నమాజు కాగానే ఆ పిల్ల ఇంటికి వెళ్ళి, పెళ్ళి మాట ఖాయం చేసుకుని ఫాతిహా చదివి వస్తాం. అంత మంచి ఇంటి ముందు గీతల కారు ఆపుతామా?"

అయితే రేపటి ఊరేగింపుకు తను ఇవాళ మెరుగు పెడుతోందన్నమాట.

"ఆ చూపేమిటి?" అంది హజ్జా మళ్ళీ, ఈసారి కాస్త మెత్తగా. "నిన్నెవరు పొమ్మన్నారు? మేడమీద గది నీదే. రేపు పుట్టేవాళ్ళకు పెద్దమ్మవు నువ్వు. వీడి వ్యాపారానికి నీ చెయ్యి లేకపోతే ఎలా?"

అన్నేళ్ళలో, ఆ చెయ్యి తనదని ఆ ఇంట్లో ఒకరు పైకి చెప్పడం అదే మొదటిసారి.

షౌకీ ఎండకేసి చూశాడు. "ముందు బానెట్ తుడిచెయ్ ఇంతిసార్. ముద్ద ఎండిందంటే మరక పడిపోతుంది."

ఆమె గుడ్డ మడిచి కారు కప్పు మీద పెట్టింది. కుళాయి దగ్గర సబ్బుతో మోచేతుల దాకా చేతులు కడుక్కుంది. లోపలికి వెళ్ళి పని గౌను విప్పి, బయటికెళ్ళే నల్ల గౌను తొడుక్కుని, తలగుడ్డ పిన్ను సర్దుకుంది. వాకిట్లోకి వచ్చేసరికి బానెట్ మీద ముద్ద అంచుల నుంచి తెల్లగా బిగుసుకుంటోంది. తుడవమని షౌకీ మళ్ళీ అన్నాడు. హజ్జా ఎక్కడికే అంది. ఇంతిసార్ కారు పక్కనుంచి నడిచి, వాకిలి తలుపు తీసుకుని వీధిలోకి వెళ్ళిపోయింది.